నడవాలో దీపం

రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. గోడకి ఆనుకోకండి, వీపంతా సున్నం అవుతుంది. వెనకాల నిలబడ్డవాళ్ళు కూడా కూర్చోండి. నిలబడి విన్న కథ చెవుల్లో ఆగదు, మోకాళ్ళలోకి దిగిపోతుంది.

ముందు ఒక ప్రశ్న. "లైటు తీసెయ్" అని నేనంటే ఏం చేస్తారు? చూశారా, అందరూ ఒక్క గొంతుతో స్విచ్చి కట్టేస్తామన్నారు. మొన్న మీలోనే ఒక మహానుభావుడు బల్ల ఎక్కి, బల్బు ఊడదీసి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నవ్వకండి వాణ్ణి చూసి. తీయమన్నాను, తీశాడు. తప్పు వాడిది కాదు, మాటది. మన మాటల్లో కొన్నింటికి రెండు వాకిళ్ళుంటాయి. ఏ వాకిలిలోంచి లోపలికొచ్చామో చూసుకోకపోతే ఏమవుతుందో, అదే ఇవాళ్టి కథ.

ఒక కుట్టుపని ఆవిడ ఉండేది. లాయర్ల నల్లకోట్లు కుట్టేది. నల్లగుడ్డ మీద నల్లదారం. సాయంత్రమయ్యేసరికి కళ్ళు మండి, మెడ పట్టేసి, ఒళ్ళు పిండేసిన గుడ్డలా అయ్యేది. భర్త లారీ మీద తిరిగేవాడు, నెలకోసారి ఇంటికొస్తే గొప్ప. ఇంట్లో ఆవిడా, ఆరేళ్ళ కూతురూ. ఆ పిల్ల నోరు మూతపడదు కాబట్టి అందరూ పిచ్చుక అని పిలిచేవారు. దానికి 'ట', 'డ' పలకవు. లైటుని లైతు అనేది, కోటుని కోతు అనేది. "కోతు కాదే, కోతి" అని వాళ్ళమ్మ ఏడిపిస్తే మూతి ముడుచుకునేది.

ఉన్నది అద్దె ఇల్లు. ముందుగదిలో మిషను, వెనకగదిలో మంచం, రెంటికీ మధ్య ఇరుకైన నడవా. కిటికీ లేదు దానికి. పైనుంచి వేలాడే పాతకాలం బల్బు ఒకటి, లోపల తీగ ఎర్రగా కాలేది, రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండేది. ఇల్లుగలాయన గడియారాలు బాగుచేసే ముసలాయన. నాలుగిళ్ళ అవతల ఉంటాడు, అందరికీ గడియారాల తాత. తాళంచెవి ఇచ్చిన రోజున ఒక్క మాటే చెప్పాడు.

"మేకులు కొట్టుకో, రంగులు మార్చుకో, నీ ఇష్టం. ఆ నడవాలో దీపం మాత్రం తీయొద్దమ్మా."

"అలాగే తాతా" అంది ఆవిడ. మూడేళ్ళు తీయలేదు.

నాలుగో ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం నల్లకోటు జేబు కుడుతూ, దారం అనుకుని తన వేలిలోకే సూది దింపుకుంది. ఇంక లాభం లేదనుకుని కరెంటు పనిచేసే ఆయన్ని పిలిపించింది. ఆయన పేరు ఏమిటో ఆయనే మరిచిపోయి ఉంటాడు, వీధంతా ఫ్యూజు బాబాయి అంటారు.

"ఇన్నాళ్ళూ ఈ గుడ్డిదీపాల కింద ఎలా కుట్టావే తల్లీ?" అని ఫ్యూజు బాబాయి గదికొకటి చొప్పున ఎల్ఈడీ బల్బులు పెట్టుకుంటూ వచ్చాడు. తెల్లటి వెలుగు. గుడ్డ మీద పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. బాబాయి నడవాలోకొచ్చి పాతబల్బు మీద చెయ్యి వేయబోయి, చుర్రుమని వెనక్కి లాక్కున్నాడు.

"అబ్బ! ఇది దీపమా కుంపటా? పైసా వెలుగు, పావలా సెగ!"

"అది వద్దు బాబాయ్. తీయొద్దన్నాడు తాత."

"తీయొద్దంటే ఆర్పొద్దని. ఇప్పుడు ఆర్పమన్నదెవరు? ఇది పెట్టి రాత్రింబగళ్ళు వెలిగించుకో. ఏళ్ళ తరబడి కొండెక్కదు. తాత మాట నిలబడుతుంది, నీ నడవా వెలుగుతుంది."

ఆవిడకి వాదించే ఓపిక లేదు. అరిగిపోయిన మనిషికి ఎదుటివాడి మాట ఎప్పుడూ నిజంలానే వినిపిస్తుంది. ఊఁ అంది. దించిన పాతబల్బు బాబాయి జేబులో వెళ్ళిపోయింది.

తెల్లారి నడవాలో అడుగుపెడితే అరికాళ్ళు జిల్లుమన్నాయి. వానలకి నేల చెమ్మగిల్లింది అనుకుంది. ఆ మర్నాడు పొయ్యి మీంచి దించిన పాలు, గ్లాసులో పోసేలోపే మీగడ కట్టాయి. గాలికి అనుకుంది. మూడోరోజు పిచ్చుక నడవాలో నిలబడి, దీపం వైపు తలెత్తి చూస్తోంది.

"ఏమిటే అక్కడ?"

"లైతు చల్లగా ఉందమ్మా."

"చల్లగా ఉంటేనే మంచిది. పో, ఆడుకో."

చల్లగా ఉందని దానికెలా తెలిసింది? బల్బు మనిషి ఎత్తుకి ఇంకో మూర పైన. ఆ ప్రశ్న ఆవిడకి తట్టలేదు. రెండు కోట్లు మర్నాటికి ఇవ్వాలి.

నాలుగోరోజు మధ్యాహ్నం పిచ్చుక కత్తెరతో ఆడి కుడిచేతి చూపుడువేలు కోసుకుంది. లోతుగానే తెగింది. చేతికందిన అస్తరు గుడ్డ, గళ్ళగళ్ళ ముతకనేత, ఒక పేలిక చింపి వాళ్ళమ్మ కట్టుకట్టింది. ఏడ్చి ఏడ్చి పిల్ల వెనకగదిలో పడుకుంది.

ఆరింటికే ముసురుపట్టి చీకటైపోయింది. ఆవిడ కోటు కాలరు ఇస్త్రీ చేసి, పెట్టె నిలబెట్టి, గదిలో వంట చేసుకునే మూలకెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. మళ్ళీ పెట్టె ఎత్తి కోటు మీద పెట్టింది. ముడత పోలేదు. ఇంకోసారి రుద్దింది. పోలేదు. పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. తడివేలు అడుగున తాకించింది.

రాయిలా ఉంది.

అప్పుడు వాసన తగిలింది. తడిసిన బూడిద వాసన. ఎప్పుడో ఆరిపోయిన పొయ్యిలో నీళ్ళు పోస్తే వచ్చే వాసన. దాని వెనకే ఒక చప్పుడు.

స్ర్... స్ర్... స్ర్...

గుడ్డ చప్పుళ్ళన్నీ ఆవిడకి తెలుసు. పట్టు, నూలు, ఉన్ని, కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇది గుడ్డ కాదు. చర్మం మీద చర్మం. ఎండిపోయిన అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్న చప్పుడు. ఒక మనిషివి కావు... చాలామందివి.

వెనకగదిలోంచి వస్తోంది.

నడవా దాటింది. నెత్తిమీద తెల్లదీపం వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో నోట్లోంచి పొగలా ఊపిరి కనబడింది.

పిచ్చుక మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. చుట్టూ పరుపు... ఎవరో కూర్చున్నట్టు దిగిపోయి ఉంది. ఇటు రెండు చోట్ల. అటు మూడు చోట్ల. కాళ్ళ దగ్గర ఒకటి.

"పిచ్చుకా..."

"గత్తిగా మాత్లాదకమ్మా" అని గుసగుసగా అంది పిల్ల. "ఇప్పుదే... వెచ్చబదుతున్నారు."

ఒక్క దూకులో వెళ్ళి ఎత్తబోయింది. పిల్ల లేవలేదు. మంచానికి వేసి కుట్టేసినట్టుంది. ఈ పక్కా ఆ పక్కా లాగింది. తన చేతుల్లోని వేడి కూడా ఎవరో తాగేస్తున్నట్టు వేళ్ళు కొంకర్లు పోయాయి. అప్పుడు గుర్తొచ్చింది తాత చెప్పిన మాట.

పిల్లని వదిలేసి పరుగెత్తింది.

గడియారాల తాత కంటికి భూతద్దం పెట్టుకుని ఒక గడియారం పొట్ట విప్పి చూస్తున్నాడు. తడిసి ముద్దయి వచ్చిన మనిషిని చూడగానే భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"తీసేశావా?"

"లేదు తాతా! ఒక్క క్షణం కూడా ఆర్పలేదు. బల్బు మార్చామంతే, ఇప్పుడూ వెలుగుతూనే..."

"ఆర్పొద్దని నేనెప్పుడన్నానమ్మా? తీయొద్దన్నాను." ఆయన గొంతులో కోపం లేదు. చెప్పీ చెప్పీ అలిసిపోయిన మనిషి గొంతు అది. "ఆర్పితే కాసేపు ఓర్చుకుంటారు. కరెంటు పోదా ఏమిటి, అలవాటే. వాళ్ళకి వెలుగు అక్కర్లేదు. ఆ సెగ కావాలి."

"ఎవరు తాతా వాళ్ళు?"

"నాకేం తెలుసు? నేను కొనేసరికే ఉన్నారు. నాకు అమ్మినాయన కూడా ఇదే మాట చెప్పాడు, దీపం తీయొద్దని. అప్పుడక్కడ లాంతరుండేది." లేచి, అరలోంచి కాగితంలో చుట్టిన పాతరకం బల్బు తీశాడు. అరనిండా అలాంటివే ఉన్నాయి. ఇవ్వబోతూ ఆగాడు. "పాప ఏదీ?"

"ఇంట్లో... ఎత్తితే రాలేదు తాతా."

"ఒక్కదాన్నే వదిలేసి వచ్చావా? ఎంతసేపైంది?"

"ఇప్పుడే. అయిదు నిమిషాలు."

తాత గోడవైపు చూశాడు. గోడనిండా గడియారాలు. ఒక్కొక్కటి ఒక్కో టైము చూపిస్తోంది. "పరుగెత్తమ్మా" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ కళ్ళలోకి చూడలేదు.

నడవాలో స్టూలు ఎక్కింది. తెల్లబల్బు ఊడదీస్తే చిమ్మచీకటి. తడుముకుంటూ పెడితే రెండుసార్లు తప్పింది. మూడోసారి పాతబల్బు గాడిలో పడింది. పచ్చటి వెలుగు. సెగ మొహానికి తగిలింది.

చప్పుడు ఆగింది.

వెనకగదిలో పరుపు ఒక్కొక్క చోటే పైకి లేచింది. ఆ తర్వాత... బస్సులోంచి దిగే జనంలా, ఒకరి వెనక ఒకరు, ఇరుకు నడవాలో భుజాలు రాసుకుంటూ వచ్చారు. స్టూలు కదిలింది. ఎవరూ కనబడలేదు. అందరూ వచ్చి ఆవిడ కాళ్ళ చుట్టూ నిలబడ్డారు.

ఎలా దిగిందో, ఎలా దాటిందో తెలీదు. మంచం మీద పిల్ల లేచి కూర్చుంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఒళ్ళు నులివెచ్చగా ఉంది.

"అమ్మా, ఆకలేస్తోంది" అంది.

వాళ్ళమ్మ దాన్ని గుండెకి హత్తుకుని, మంచం కోడుకి ఆనుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. అంత అలసట.

ఆ తర్వాత అంతా సవ్యంగానే ఉంది. పాలు వేడిగా ఉన్నాయి, ఇస్త్రీపెట్టె కాలింది. మిగతా గదుల్లో తెల్లదీపాలు అలాగే ఉన్నాయి. ఫ్యూజు బాబాయి వీధిలో ఎదురుపడి "ఏమ్మా, కుంపటి మళ్ళీ పెట్టుకున్నావటగా!" అని నవ్వాడు. ఆవిడా నవ్వింది. పిచ్చుక మాత్రం కాస్త తక్కువ మాట్లాడుతోంది. జడిసింది పాపం అనుకుంది.

వారం తిరిగేలోపు ఒక సాయంత్రం మిషను ఆగిపోయింది. కరెంటు పోయింది. చీకట్లో పిల్ల పక్కనే ఉంది.

"దీపం కొండెక్కిందమ్మా" అంది నెమ్మదిగా.

వాళ్ళమ్మ చెయ్యి గుడ్డ మీద అలాగే ఉండిపోయింది. లైతు పోయింది అనే పిల్ల. ఎప్పుడూ అలాగే అనేది. "ఎవరు నేర్పారే ఆ మాట?"

"ఎప్పుడూ అనే మాటేగా. కోటు కింద పడింది, చూసుకో."

కోటు. ఎంత చక్కగా పలికింది.

టార్చి వెలిగించి పిల్ల కుడిచెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. చూపుడువేలికి కట్టు లేదు. సరే, ఊడిపోయి ఉంటుంది. గాయం కూడా లేదు. మచ్చ లేదు, గీత లేదు. అసలు ఎన్నడూ తెగని వేలు.

ఆవిడ మెల్లగా లేచి నడవాలోకి వెళ్ళింది. స్టూలు ఎక్కింది. టార్చి బల్బు మీద వేసింది. గాజు మీద సన్నటి దుమ్ము, ఆ దుమ్ములో చేతి గుర్తులు. బల్బు చుట్టూ కమ్ముకున్నట్టు, ఒకదాని మీద ఒకటి, పెద్ద పెద్ద వేళ్ళు. వాటి మధ్య ఇరుక్కుని ఒక చిన్న చెయ్యి. ఆరేళ్ళ పిల్ల చెయ్యి. దాని చూపుడువేలి గుర్తు మాత్రం వేలిలా లేదు. పోగులు కనిపిస్తున్నాయి. గళ్ళగళ్ళ ముతకనేత.

కరెంటు వచ్చింది. తీగ ఎర్రబడి, గాజు వేడెక్కసాగింది. ఆవిడ చూస్తుండగానే దుమ్ములో ఆ చిన్నచెయ్యి కొద్దిగా జరిగింది. వెచ్చటి చోటు వెతుక్కుంటూ.

ముందుగదిలోంచి "అమ్మా" అని పిలుపు వచ్చింది.

ఆవిడ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉందట. భర్త మంచి ఇల్లు చూశాను పోదాం రమ్మంటే రానంది. తాత పోతూ పోతూ అరలో బల్బులన్నీ ఆవిడకే ఇచ్చిపోయాడు. ముందుగదిలో పిల్లకి అన్నం పెడుతుంది, జడ వేస్తుంది, బడికి పంపుతుంది. ఏం చేస్తుంది మరి? అమ్మా అని పిలుస్తుంది కదా. పొద్దు వాలాక మిషను మూసేసి, స్టూలు వేసుకుని నడవాలో కూర్చుంటుంది. చేతులు రెండూ గట్టిగా రుద్దుకుని, వెచ్చబడ్డాక, ఆ బల్బు పక్కన గాలిలోకి చాపుతుంది. కాసేపటికి చల్లబడిపోతాయి. మళ్ళీ రుద్దుకుంటుంది.

సరే, లేవండిక. ఇళ్ళకెళ్ళి తినండి, అన్నాలు చల్లారిపోతాయి. చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళండి. పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఒకసారి చూసుకోండి.

ఆ చివరివాడా, వెళ్తూ వెళ్తూ వరండాలో ఆ పాతబల్బు ఆర్పు నాయనా.

ఆర్పు. తీయొద్దు.