యాంటె అంటే ముందు

అంబరీష్‌ను కోలారు టమోటా మార్కెట్లో కాల్చి చంపారు. వేలం పాటల అరుపుల్లో సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు ఎవరికీ వినబడలేదు. క్రేట్ల మధ్య పడిపోయిన మనిషిని చూసి హమాలీలు ఎండదెబ్బ అనుకున్నారు.

శవాన్ని గుర్తుపట్టడానికి జగదీష్ వెళ్ళాడు. ఇద్దరూ ఒకే ఇంటెలిజెన్స్ విభాగంలో పదకొండేళ్ళు కలిసి పనిచేశారు. గుడ్డ తీసి చూశాడు. అవునన్నాడు. సంతకం పెట్టాడు. బయటికొచ్చి హోటల్లో రెండు ఇడ్లీలు తిన్నాడు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాడు. రాలేదు.

ఆ సాయంత్రమే చీఫ్ వెంకటరామప్ప బ్రీఫింగ్ ఇచ్చాడు.

"ఆండర్సన్‌పేటలో నేత్రావతి అని ఒకామె ఇంగ్లీష్ కోచింగ్ సెంటర్ నడుపుతా ఉండాది. విదేశీ ముఠా ఆమెను తన మనిషే అనుకుంటోంది. నిజానికి మన మనిషి. డబుల్ ఏజెంట్."

"ఆమె పనేంది సార్?"

"రోజూ పొద్దున క్లాసు వాట్సాప్ గ్రూపులో మూడు ఇంగ్లీష్ మాటలు పెడుతుంది. ముఠాకు అవే ఆర్డర్లు. వాటి అర్థం మనకు ఆమే చెప్తుంది. నువ్వు స్టూడెంట్‌గా చేరి ఆమెను కనిపెట్టుకో. అంబరీష్ చేసిన పని అదే."

"ఎల్లుండి కాన్వాయ్ సంగతి?"

"క్షిపణి పరికరాలతో రెండు లారీలు. బెంగళూరు నుంచి కోలారు, ముళబాగిలు, నంగలి మీదుగా ఆంధ్రలోకి పోతాయి. నంగలికి పొద్దున తొమ్మిదిన్నరకు చేరతాయి."

జగదీష్ మారువేషం సులభమైనదే. డిపార్ట్‌మెంటు పరీక్షకు తయారవుతున్న బస్ కండక్టర్. పేరు హనుమప్ప. జేబులో పెన్ను. నొక్కితే కళ్ళు మండే గ్యాస్ వస్తుంది.

కాన్వాయ్ రోజు పొద్దున ఎనిమిదింటికి క్లాసు మొదలయ్యింది. నేత్రావతి ముదురు ఎరుపు పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. ఆమె లోపలికి రాగానే బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. బోర్డు మీద మూడు మాటలు రాసింది. సబ్టెరేనియన్. ట్రైవియల్. యాంటెసీడెంట్.

అప్పటికే చీఫ్ నుంచి మెసేజ్ వచ్చింది. నంగలి దాటిన తరువాత దాడి జరుగుతుందని నేత్రావతి చెప్పిందట. బాంబ్ స్క్వాడ్ మొత్తం ఆంధ్ర వైపు వెళ్ళిపోయింది.

ముందు బెంచీలో సొన్నమ్మ చెయ్యెత్తింది. బంగారు గని మూతపడ్డాక ఆస్పత్రిలో ఆయా పనిలో చేరిన మనిషి. ప్రమోషన్ పరీక్ష రాయబోతోంది.

"యాంటీ అంటే ఎదురు అని నిన్న చెప్పినావు గదమ్మా. అయితే ఇదేంది?"

"ఇది యాంటీ కాదు సొన్నమ్మా, యాంటె. స్పెల్లింగు చూడు. చివర i ఉంటే వ్యతిరేకం. e ఉంటే ముందు. అది గ్రీకు, ఇది లాటిన్. మాట మొత్తం బట్టీ పట్టొద్దు. ముందున్న ముక్క విడదీస్తే సగం అర్థం అదే చెప్తుంది."

"అయితే సబ్ అంటే కింద. టెర్రా అంటే నేల. నేల కింద. మా నాయన పని చేసిన గని మాదిరి!"

"శభాష్."

"మరి ట్రైవియల్?"

నేత్రావతి ఒక్క క్షణం తటపటాయించింది. సొన్నమ్మ పెన్సిల్ పట్టుకుని ఎదురు చూస్తోంది. ఆ ముఖం చూసి తప్పు చెప్పడం ఆమెకు చేతకాలేదు.

"ట్రై అంటే మూడు. వియా అంటే దారి. మూడు దారులు కలిసే చోట జనం చెప్పుకునే చిల్లర కబుర్లు. అట్లా వచ్చింది."

జగదీష్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నేల కింద. మూడు దారులు. ముందు.

నంగలి తరువాత కాదు. ముందు.

చెప్పులు వేసుకుని నీళ్ళు తాగడానికి పోతున్నట్టు బయటికి నడిచాడు. అంబరీష్ ఏ రోజు మార్కెట్‌కు పోతాడో తెలిసిన మనిషి కూడా ఆమె ఒక్కతే. ఇప్పుడైనా కోపం రావాలి కదా అనుకున్నాడు. ఏమీ రాలేదు. చేతులు మాత్రం సరిగ్గానే పనిచేస్తున్నాయి. చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"సార్, ఆమె మనకు అబద్ధం చెప్పింది. కాన్వాయ్‌ను ఆపండి."

"ఎట్లా ఆపేది? కాన్వాయ్‌లో జామర్ ఆన్‌లో ఉండాది. ఆ లారీలకు ఫోన్లు, వైర్లెస్ ఏవీ పనిచెయ్యవు. స్క్వాడ్ తిరిగి రావాలంటే గంటన్నర పడుతుంది."

జగదీష్ బైక్ తీశాడు.

నంగలికి రెండు కిలోమీటర్ల ముందు ఒక పల్లె రోడ్డు వచ్చి హైవేలో కలుస్తుంది. అక్కడ పాల క్యాన్ల పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

"ఇక్కడ ఎవరన్నా తవ్వినారా అమ్మా?"

"నిన్న కేబులు వేస్తామని వచ్చినారప్పా. ఒకడు ఇంకా రోడ్డు కింది ఆ మోరీ కాడే ఉండాడు. టీ ఇస్తామన్నా రాలేదు."

"నువ్వు ఊళ్ళోకి పో అమ్మా. బిరాన పో."

టైం తొమ్మిది ఇరవై ఏడు. వంపు దగ్గర మొదటి లారీ కనిపించింది. జామర్ ఉంటే రిమోట్ పనిచెయ్యదు. అందుకే వైరు వేశారు. మోరీ అవతల, నారింజ రంగు జాకెట్‌లో ఉన్న మనిషి బ్యాటరీ ముందు వంగి కూర్చున్నాడు.

"అన్నా, టీ తెచ్చినా."

అతను తల తిప్పాడు. జగదీష్ పెన్ను నొక్కాడు. అతను కళ్ళు మూసుకుంటూనే చేత్తో స్విచ్ కోసం తడిమాడు. జగదీష్ వైరును రెండు చేతులా పట్టి లాగాడు. అరచేతులు చీలిపోయాయి. వైరు ఊడి వచ్చింది. అదే క్షణంలో స్విచ్ క్లిక్‌మన్నది.

తల మీద మొదటి లారీ దాటింది. తరువాత రెండోది. డ్రైవర్లు హారన్ కూడా కొట్టలేదు.

పదకొండింటికి ఆండర్సన్‌పేటలో నేత్రావతి చేతులకు బేడీలు పడ్డాయి. ఆమె జగదీష్ చేతి కట్టు చూసింది.

"ఎట్లా తెలుసుకున్నావు?"

"మీరే చెప్పినారు గదమ్మా. బాగా చెప్పినారు."

"అంబరీష్ నీ స్నేహితుడంట. నా మీద కోపం లేదా?"

జగదీష్ నిజంగానే ఆలోచించాడు. "ఉండాలమ్మా. వెతుకుతా ఉండా."

ఆమె తల దించుకుంది. జీపు వెళ్ళిపోయింది. మెట్ల మీద సొన్నమ్మ పుస్తకం గుండెకు హత్తుకుని నిలబడింది.

"ఆదివారమే పరీక్ష ఉండాది హనుమప్పా. ఇంగ మాకు ఎవురు చెప్తారు?"

అతను చీఫ్‌కు ఫోన్ చేసి నాలుగు రోజులు సెలవు అడిగాడు.

"ఎందుకు?"

"క్లాసు ఉండాది సార్. స్టూడెంట్లు ఆగిపోయినారు."

చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

"ఆ యాంటె, యాంటీ తేడా నాకూ సరిగ్గా పట్టుబడలేదప్పా. పొద్దున ఎనిమిదింటికే గదా?"