మూడో పళ్లెం

ఆదివారం ఉదయం సిరీల్ ఎప్పటిలాగే ఏడింటికల్లా బల్ల తుడిచి రెండు పళ్లేలు పెట్టాడు. కత్తి కుడి పక్కన, కప్పు పిడి తలుపు వైపు. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో అది అతని పని, ఇంకెవరైనా వేలు పెడితే ఊరుకోడు.

"నేనేం పాపం చేశాను బాబాయ్? నాకు పళ్లెం లేదా?" మెట్లు దిగుతూ నవ్వింది వేర్లె. ముందు రోజు సాయంత్రమే ఘెంట్ నగరం నుంచి వచ్చింది.

సిరీల్ వేర్లె తల్లి గోడెలీవ వైపు చూశాడు. "పెట్టు సిరీల్" అని ఆమె అన్నాకే అలమారా తెరిచాడు. వేర్లె వచ్చిన ప్రతిసారీ ఇదే వరస. ఎందుకో గోడెలీవకు తెలుసు. తెలిసి కూడా నాలుగేళ్లుగా తెలియనట్టే ఉంటోంది.

మనసు చెదిరిన వాళ్లను ఆసుపత్రి వాళ్లు తెచ్చి ఇళ్లల్లో ఉంచడం గేల్ ఊళ్లో కొత్త కాదు. గోడెలీవ అమ్మమ్మ కాలం నుంచీ ఆ ఇంట్లో ఎవరో ఒకరు అలా ఉంటూనే వచ్చారు; ముప్ఫై ఏళ్లుగా సిరీల్ ఉంటున్నాడు. చెవిలో గొంతులు వినిపించి సిరీల్ గాభరాపడితే పక్కన కూర్చుని మామూలు మాటల్లో పెట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అలాంటి మనిషి, నాలుగేళ్ల కిందట సొంత కూతురు వేర్లె మనసు కుంగి, ఉద్యోగం మానేసి వచ్చి మంచం దిగకపోతే ఏం చేసింది? మేడ మీది గదిలో ఉంచి, వెనక గుమ్మంలోంచి కాఫీకి వచ్చే పక్కింటి ఇర్మాతో "మా అమ్మాయి నార్వే వెళ్లింది" అని చెప్పింది. సిరీల్ చేత కూడా అదే చెప్పించింది. పదిమందినీ చూసుకునే ఇంట్లో చూసుకోవలసిన పిల్ల ఉందంటే నలుగురూ ఏమనుకుంటారు? రచ్చ గెలిచిన ఇల్లాలు ఇంట ఓడింది!

అదంతా అయిపోయిన సంగతే. కానీ ఈ మధ్యాహ్నం చర్చి పక్క హాల్లో, జబ్బు నుంచి కోలుకున్నవాళ్లు తమ కథ చెప్పుకునే సభలో, వేర్లె మాట్లాడబోతోంది.

"ఇర్మా వస్తుందే. రొట్టెల కొట్టు వాళ్లూ వస్తారు. అందరి ముందూ చెప్పుకోవాలా?" అంది గోడెలీవ.

"చెప్పుకోవాలనే అమ్మా. ఎవరో చెబితే వినే కదా నాకు ధైర్యం వచ్చింది. బాగుపడ్డవాళ్లం నోరు మూసుకుంటే, ఇవాళ మంచం మీదున్న పిల్ల ఎవర్ని చూసి లేస్తుంది?"

"నార్వే అన్నాను వాళ్లతో! ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నీ పరువుకేం ఢోకా లేదులే. నీ గురించి ఏం రాశానో విను." వేర్లె కాగితం విప్పింది. "ఒకరోజు మా అమ్మ పరువూ భయమూ పక్కన పెట్టి నా సంగతి నర్సుకు చెప్పింది. ఇవాళ నేనిలా నిలబడ్డానంటే ఆ ఒక్క మాట వల్లే."

రొట్టెకు వెన్న రాస్తున్న సిరీల్ చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. అతను తల ఎత్తలేదు.

"ఆ ముక్క తీసెయ్" అంది గోడెలీవ.

"ఎందుకు?"

"తీసెయ్యమన్నానుగా!"

"నా కథలో ఉన్న మంచే అది! అదీ వద్దంటే ఎలా? జబ్బు పడినప్పుడు దాచావు, సరే. బాగుపడ్డం కూడా నీకు తలవంపులేనా?" వేర్లె పళ్లెం ముట్టకుండానే లేచి వెళ్లిపోయింది.

నిజానికి గోడెలీవ నర్సుకు చెప్పలేదు. వేర్లె మేడ మీదున్న ఆ నెలల్లో సిరీల్ పొద్దున్నే మూడు పళ్లేలు పెట్టేవాడు. ఇర్మా కంటపడకుండా ఆమె ఒకటి తీసి అలమారాలో పెట్టేసేది. ఒకరోజు ఆమె రొట్టెల కోసం వెళ్లినప్పుడు, సిరీల్‌ను చూడడానికి నర్సు హిల్డ అనుకోకుండా పెందలాడే వచ్చింది. మూడోది ఎవరికని అడిగింది. "వేర్లెకి. మేడ మీద ఉంది. తినడం మానేసింది" అన్నాడు సిరీల్. అరగంటలో డాక్టరు వచ్చాడు. వేర్లె దక్కింది. కోలుకున్నాక కూతురు మెడ చుట్టూ చేతులేసి "నువ్వే చెప్పావు కదమ్మా" అంటే, గోడెలీవ కాదనలేకపోయింది. అంత తియ్యటి అబద్ధాన్ని ఏ తల్లి వదులుకుంటుంది?

మధ్యాహ్నానికి హాలు నిండిపోయింది. వేర్లె కాగితం చూడకుండానే చాలావరకు చెప్పింది. నర్సు సంగతి వచ్చేసరికి తల్లి వైపు చూసి, పొద్దున చదివిన మాటలే ఒక్క అక్షరం మార్చకుండా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. "తల్లివంటే నువ్వేనే లీవా!" అని ఇర్మా గోడెలీవ భుజం తట్టింది. పక్క కుర్చీలో సిరీల్ కూడా చప్పట్లు కొడుతున్నాడు. అందరూ ఆపేసినా అతను ఆపలేదు. గోడెలీవ అది చూడలేకపోయింది.

"నేను చెప్పలేదు" అంటూ లేచి నిలబడింది. "నర్సుకు చెప్పింది సిరీల్. నేను కూతుర్ని దాచాను. ఇతను పళ్లెం పెడితే తీసేశాను. ఇతను నిజం చెప్పినందుకు ఏమన్నానో తెలుసా? ఇంకోసారి నోరు తెరిస్తే ఆసుపత్రిలో వదిలేసి వస్తానన్నాను. ఇరవయ్యారేళ్లు నా ఇంటి మనిషిలా ఉన్నవాణ్ణి, ఆ మాట అన్నాను."

వేర్లె మొహం పాలిపోయింది. తల్లి దగ్గరికి రాలేదు. సిరీల్ ఎదుటికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "నాలుగేళ్లు నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"చెబితే పంపించేస్తుంది కదా. నాకు ఇల్లు కావాలి" అన్నాడు సిరీల్. తర్వాత ఇర్మా వైపు తిరిగాడు. "నార్వే కాదు. మేడ మీదే ఉంది. నీకు అబద్ధం చెప్పాను, ఏమనుకోకు." ఇర్మా నవ్వబోయి ఏడ్చేసింది.

ఇంటికి వచ్చేదాకా వేర్లె తల్లికి దూరంగా, సిరీల్ చెయ్యి పట్టుకుని నడిచింది. వంటింట్లో కోటైనా విప్పకుండా గోడెలీవ సిరీల్ రెండు చేతులూ పట్టుకుంది. "నిన్నెక్కడికీ పంపను. ఆ మాట అనకూడదు, అన్నాను. క్షమించు."

"అయితే లీవక్కా, పెట్టె విప్పెయ్యనా?" అన్నాడు సిరీల్.

"ఏ పెట్టె?"

"మంచం కింద ఉంది. నువ్వు పొమ్మంటే ఆలస్యం కాకూడదని ఆ రోజే సర్దుకున్నాను."

గోడెలీవ కుర్చీలో కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాలుగేళ్లు! రోజూ పొద్దున్న ఇదే ఆఖరిసారేమో అనుకుంటూ ఆ మనిషి తనకు పళ్లెం పెట్టాడు. ఎంతసేపటికో తల మీద ఒక చెయ్యి పడింది. "లే అమ్మా. నాకింకా కోపంగానే ఉంది. కానీ పద, ఆ పెట్టె ఇద్దరం కలిసి విప్పుదాం" అంది వేర్లె.

లోపల రెండు చొక్కాలు, ఒక స్వెట్టరు, పళ్లు తోముకునే బ్రష్షు, వేర్లె చిన్నప్పటి ఫోటో ఉన్నాయి. గోడెలీవ ఆ చొక్కాలు ఉతికి, ఆరబెట్టి, నీళ్లు చిలకరించి ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా మడతల దగ్గర పసుపు గీతలు పోలేదు.

మర్నాడు ఉదయం సిరీల్ అందులో ఒక చొక్కా తొడుక్కుని వచ్చాడు. బల్ల తుడిచాడు. ఎవరి వైపూ చూడకుండా మూడు పళ్లేలు పెట్టాడు.