ఇరవయ్యేడో నంబరు తేనెటీగ

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే గోరింక బెంచీ చుట్టూ ఏడు తలకాయలు మూగాయి.

"ఊఁ, తియ్యవే!" అన్నాడు సోడాబుడ్డి. అందరికంటే ముందుకు వంగింది వాడే. వాడి కళ్లద్దాలు ఆమె జామెట్రీ బాక్సుకు తగులుతున్నాయి.

గోరింక అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఒకటే వాగుడు కాబట్టి ఇంట్లోనూ బడిలోనూ అందరూ ఆమెను గోరింక అనే పిలుస్తారు. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. మొన్న బుధవారం కూడా అలాగే, "మా అమ్మ ఉంది చూడండి, తేనెటీగల వీపు మీద నంబర్లు అంటిస్తుంది" అని క్లాసంతా చాటింది.

"నంబర్లా? రేపు యూనిఫారాలు కూడా కుట్టిస్తుందా?" అన్నాడు సోడాబుడ్డి.

క్లాసు క్లాసంతా నవ్వింది. టీచరు కూడా నవ్వాపుకోలేక బోర్డు వైపు తిరిగారు. గోరింకకు రోషం వచ్చింది. అందుకే ఇవాళ సాక్ష్యం తెచ్చింది.

"జాగ్రత్త, ఎగిరిపోతుంది! కిటికీ మూయండి" అంటూ మూత తీసింది.

ఏదీ ఎగరలేదు. ఓ మూలన, చిటికెడు పంచదార మీద, తేనెటీగ ఒరిగి పడి ఉంది. ఆరు కాళ్లూ లోపలికి ముడుచుకుపోయాయి. వీపు మీద ఆవగింజంత పసుపు బిళ్ల, దాని మీద నల్లగా 27 అని ఉంది.

"నిజంగానే నంబరుందిరోయ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

గోరింక పెన్సిలుతో మెల్లగా కదిపి చూసింది. "నిద్రపోతోందేమో" అంది.

సోడాబుడ్డి ఈసారి ఎగతాళి చెయ్యలేదు. "చచ్చిపోయిందే" అన్నాడు చిన్నగా.

ఏడుగురూ ఒక్కొక్కరే జారుకున్నారు. గోరింక చెప్పింది అబద్ధం కాదని తేలిపోయింది. కానీ ఆ మధ్యాహ్నం ఆమె లంచ్ బాక్సు మూత తియ్యలేదు.

గోరింక వాళ్ల అమ్మ తేనెటీగల మీద పరిశోధన చేస్తుంది. వాళ్ల క్వార్టర్స్ వెనకే తోట, తోటలో పన్నెండు చెక్కపెట్టెలు, పెట్టెల నిండా తేనెటీగలు ఉంటాయి. వాటి మంచీచెడూ చూసేది పెట్టెల తాత. ఆయన గోరింకకు సొంత తాతేం కాదు. అమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది కాబట్టి ఈమెకు తాతయ్యాడు. గోరింక గొప్పకి అమ్మ అని చెప్పింది గానీ, నంబర్లు అంటించేది ఆయనే. సన్నటి కుంచెతో వీపు మీద చుక్క జిగురు పెట్టి, ఆ చుక్క మీద బిళ్లను కూర్చోబెడతాడు. జిగురు వెంట్రుకవాసి పక్కకు జారినా రెక్క అతుక్కుపోతుంది.

నిన్న గురువారం, బడి నుంచి వచ్చి పెరటి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కోబోతుంటే గోరింకకు ఈ ఈగ కనపడింది. తడి సిమెంటు మీద నీళ్లు తాగుతోంది. మామూలుగా మనిషి నీడ పడితే చాలు, తేనెటీగలు లేచిపోతాయి. ఇది లేవలేదు. రెక్కలు వణుకుతున్నాయి. వంగి చూస్తే ఇరవయ్యేడు! గోరింక రోల్ నంబరు కూడా ఇరవయ్యేడే.

ఇంక చెయ్యి ఊరుకుంటుందా? జామెట్రీ బాక్సు ఖాళీ చేసి దాని మీద బోర్లించింది. అన్ని వేల ఈగల్లో ఒక్కటి లేకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. రేపు అందరికీ చూపించేసి, సాయంత్రం తెచ్చి వదిలేద్దామనుకుంది.

అనుకున్నట్టే శుక్రవారం సాయంత్రం తెచ్చింది. కానీ వదలడానికి అందులో ప్రాణం లేదు.

తోటలో తాత మూడో పెట్టె ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం, చెవి మీద పెన్సిలు ఉన్నాయి.

"ఏం చేస్తున్నావు తాతా?"

"ఇరవయ్యేడు కోసం చూస్తున్నానే."

గోరింక సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది.

"నిన్న పొద్దున మీ అమ్మా నేనూ ఐదింటిని చీకటి డబ్బాలో పెట్టుకెళ్లాం" అన్నాడు తాత, పెట్టె గుమ్మం మీద నుంచి చూపు తిప్పకుండా. "రెండు కొండల అవతల, రాళ్ల క్వారీ దగ్గర వదిలేసి వచ్చాం. అవి పుట్టి బుద్ధెరిగి చూడని చోటది. అంత దూరం నుంచి ఇల్లు వెతుక్కుంటూ వస్తాయా, రావా? మీ అమ్మ నాలుగేళ్లుగా వాటిని ఇదే అడుగుతోంది."

"వచ్చాయా మరి?"

"నాలుగు రాలేదు. ఇరవయ్యేడు మాత్రం వస్తుంది చూడు. గట్టిపిండం అది."

అంతలో అమ్మ రిజిస్టరు పట్టుకుని వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"ఇక చాలు బాబాయ్, లే. రెండు రోజులు కావొస్తోంది. ఏదీ రాలేదని రాసేస్తాను. అంత దూరమైతే వాటికి దారి తెలియదని తేలిపోయినట్టే." పుస్తకం తెరవబోయి ఆగింది. "ఒక్కటంటే ఒక్కటి వచ్చినా సంగతి వేరేగా ఉండేది."

తాత చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు.

"తప్పు దానిది కాదేమో అమ్మాయ్. నాదేమో" అన్నాడు.

"నీదేంటి?"

"ఈమధ్య చెయ్యి వణుకుతోంది. నీకు చెప్పలేదు. ఇరవయ్యేడుకి అంటించేటప్పుడు కొంచెం కదిలింది. జిగురు రెక్క మీద పడి ఉంటుంది. ఎగరలేక దారిలో ఎక్కడో కూలబడిపోయి ఉంటుంది, పాపం." చొక్కా జేబులోంచి కుంచె తీసి అమ్మ చేతిలో పెట్టాడు. "ఇకనుంచి నువ్వే అంటించుకో తల్లీ."

"ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న చెయ్యి బాబాయ్ అది!"

"ముప్ఫై ఏళ్లయింది కాబట్టే."

గోరింక వీపున సంచి ఉంది. సంచిలో జామెట్రీ బాక్సు ఉంది. చెప్పెయ్యాలి అనుకుంది. నోరు కూడా తెరిచింది.

"ఆకలేస్తోందమ్మా" అంది.

ఆకలా, పాడా? పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. "ఇవాళ ఇంట్లో రేడియో కట్టేసినట్టుందే!" అన్నాడు నాన్న. అమ్మ వచ్చి గోరింక నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరమేమీ లేదు. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల ఇంత పెద్ద మాటను నోట్లో పెట్టుకుని పడుకుంది.

మర్నాడు సెలవు. వంటింటి కిటికీలోంచి చూస్తే అమ్మ బల్ల దగ్గర కూర్చుని, రోజూ వచ్చీపోయే లెక్క కోసం కొత్త ఈగలకు నంబర్లు అంటిస్తోంది. ఆమెకు అలవాటు లేదు. ఒకటి కుంచె కిందనుంచే తప్పించుకుంది. ఇంకోదానికి బిళ్ల వంకరగా అంటుకుంది. ఇదివరకైతే తాత ఊరుకునేవాడా? "అట్లా కాదమ్మాయ్, ఇటివ్వు" అని లాక్కునేవాడు. ఇవాళ పలకలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా కూర్చున్నాడు.

ఆ చేతులు ఏ తప్పూ చెయ్యలేదని ఈ లోకంలో తెలిసింది తన ఒక్కదానికే. తను చెప్పకపోతే తాత ఎప్పటికీ అలాగే కూర్చుంటాడు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెళ్లి జామెట్రీ బాక్సు తెచ్చింది.

"తాతా, నీ చెయ్యి వణకలేదు" అంది, మూత తీసి ఆయన ముందు పెడుతూ.

అమ్మ చేతిలో కుంచె ఆగిపోయింది. తాత ముందుకు వంగాడు. భూతద్దం తీసుకుని ఒక రెక్క చూశాడు, రెండో రెక్క చూశాడు, మళ్లీ మొదటిది చూశాడు.

"జిగురు లేదు" అన్నాడు చివరికి. "రెక్కలు కడిగినట్టున్నాయి అమ్మాయ్."

"ఎక్కడ దొరికింది?" అంది అమ్మ. ఆ గొంతు గోరింక ఎరిగిన అమ్మ గొంతులా లేదు.

"కుళాయి దగ్గర. గురువారం, బడి నుంచి వచ్చాక. నీళ్లు తాగుతోంది. బడిలో చూపిద్దామని నేనే పట్టుకున్నాను. చచ్చిపోతుందనుకోలేదమ్మా."

అమ్మ లేచి కుళాయి దగ్గరికి వెళ్లింది. అక్కణ్ణించి మూడో పెట్టెదాకా అడుగులు లెక్కపెడుతూ నడిచింది. ఇరవై రెండు అడుగులు. మళ్లీ వెనక్కి వచ్చి తడి సిమెంటు గట్టు మీద కూలబడింది.

"రెండు కొండలు దాటి వచ్చింది బాబాయ్" అంది. "గుమ్మం ముందుకొచ్చి, దాహమేసి ఆగింది."

అమ్మ చెంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఈగ కోసం అమ్మ ఏడవడం గోరింక ఎన్నడూ చూడలేదు. తిట్టినా బాగుండేది.

"నన్ను తిట్టమ్మా."

"తిడితే అది లేస్తుందా?"

కుళాయి నుంచి చుక్కలు పడుతున్నాయి.

"పోనీ, ఇప్పుడు వచ్చిందని రాయొచ్చు కదా?" అంది గోరింక.

"రాయకూడదు. పెట్టె గుమ్మం దాటితేనే వచ్చినట్టు. మళ్లీ పూలకాలం రావాలి, మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. ఏడాది పోయినట్టే." అమ్మ ముఖం తుడుచుకుంది. "కానీ దానికి దారి తెలియలేదని మాత్రం ఇప్పుడు ఎలా రాస్తాను? చూసినవాళ్లు చూసింది రాయాలి. చూసింది నువ్వు."

రిజిస్టరు గోరింక ముందు పెట్టింది. తాత చెవి మీద పెన్సిలు తీసి ఇచ్చాడు.

గోరంతను కొండంత చేసి చెప్పడంలో గోరింకను మించినవాళ్లు లేరు. ఆ రోజు మాత్రం గోరంతను గోరంతగానే రాసింది. రాస్తుంటే రెండుసార్లు కాగితం తడిసింది.

"27. గురువారం సాయంత్రం నాలుగున్నర. కుళాయి దగ్గర నీళ్లు తాగుతోంది. పెట్టెకు ఇరవై రెండు అడుగులు. రెక్కలు బాగున్నాయి. దారి తప్పలేదు. నేను పట్టుకున్నాను."

అమ్మ అది చదివి, కింద తేదీ వేసింది. ఇరవయ్యేడును దూది పరిచిన చిన్న డబ్బాలో పడుకోబెట్టింది. తర్వాత కుంచె తీసి తాత ముందు పెట్టింది. తాత వెంటనే అందుకోలేదు. తీసుకున్నాక చెయ్యి నిజంగానే కొంచెం వణికింది. వణుకు ఆగేదాకా ఆగి, అప్పుడు చుక్క పెట్టాడు. బిళ్ల సరిగ్గా నడిమధ్యన కూర్చుంది.

సోమవారం సాయంత్రం గోరింక బడి నుంచి వచ్చేసరికి కాళ్ల నిండా బురద. కుళాయి తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తడి సిమెంటు మీద నలభై ఒకటి, మొన్న తాత బిళ్ల పెట్టిన ఈగ, నీళ్లు తాగుతోంది.

గోరింక రెండడుగులు వెనక్కి వేసింది. తన నీడ దాని మీద పడుతోందని చూసుకుని ఇంకాస్త పక్కకు జరిగింది. బురద ఆరి కాళ్లు దురద పెడుతున్నాయి. అయినా కదల్లేదు. ఈగ తీరిగ్గా తాగి, ముందుకాళ్లతో ముఖం తుడుచుకుని లేచింది. గోరింక దూరంగా దాని వెనకే నడిచింది, ఇరవై రెండు అడుగులూ, ఒక్క మాట మాట్లాడకుండా.

అది పెట్టె గుమ్మంలోకి దూరాక, పక్కనే స్టూలు మీదున్న తాత వైపు తిరిగి అప్పుడు నోరు తెరిచింది.

"నలభై ఒకటి ఇంటికొచ్చింది, రాసుకో తాతా."