భాస్కర్ గొంతు మాయమైన గురువారం

సోమవారం ఉదయం తొమ్మిదింటికి భాస్కర్ గొంతు మాయమైందని తెలిసింది.

మనిషి బతికే ఉన్నాడు. కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో తన ఇంట్లోనే, కిటికీ పక్కన, వీల్‌చెయిర్‌లో. నరాల జబ్బు కాళ్లూ చేతులూ తిని నాలుక మీదికి వచ్చింది. మాట పూర్తిగా పడిపోకముందే ఆర్నెల్లపాటు రోజూ కొన్ని వాక్యాలు చదివి రికార్డ్ చేశాడు. వాటితో ఆయన గొంతునే తయారుచేసి, కళ్లతో టైప్ చేస్తే పలికే యంత్రంలో పెడతామంది కంపెనీ. చివరి రికార్డింగ్ గురువారం. శుక్రవారం గొంతుకు ఆపరేషన్. ఇక మాట లేదు.

ఆ రికార్డింగులే పోయాయి. అన్నీ.

కంపెనీకి ఇన్సూరెన్స్ ఇచ్చినవాళ్ల తరఫున ఉమామహేశ్వరి ఆ ఇంటికి వచ్చింది. పోయిన డేటా ఎలా పోయిందో తేల్చడం ఆమె పని.

"ఇంట్లో వీడియోలు లేవా, ఉషా?" అని భాస్కర్ భార్యను అడిగింది.

"బోలెడున్నాయక్కా. అన్నిట్లోనూ కెమెరా పట్టుకున్నది ఈయనే. 'ఇటు చూడండి, నవ్వండి.' అంతే. ఆ ముక్కతో గొంతు కట్టలేమన్నారు." ఉషా భర్త గడ్డం కింద తువ్వాలు సర్దింది. "ఎవరిదో గొంతు పెట్టుకుని నాతో మాట్లాడనన్నారు. అందుకే అంత కష్టపడ్డారు."

"గురువారం సంగతి చెప్పు."

"నాలుగింటికి మొదలుపెట్టాం. ఐదు దాకా చదివారు."

"మధ్యలో ఆగిందా?"

"లేదు. రికార్డింగ్ పచ్చలైటు వెలుగుతూనే ఉంది. కంపెనీవాళ్లకీ అదే చెప్పా. నాలుగూ పదకొండుకే సర్వర్ చచ్చిపోయింది, మీరు కష్టంలో ఉన్నారు, గుర్తుండదులెండి అన్నారు."

"నీకు గుర్తుందా?"

"ఒక్కో వాక్యానికి చొక్కా తడిసిపోయేదక్కా. నేనే తుడిచాను. ఆగుంటే నాకు తెలీదూ?"

ఉమామహేశ్వరి భాస్కర్ వైపు తిరిగింది. అతను రెప్పలు ఒక్కసారి మూసి తెరిచాడు. అవునని.

సన్నీవేల్‌లో కంపెనీ ఆఫీసు. మేనేజర్ మానవ్ ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు.

"ఇట్స్ సింపుల్, ఆంటీ. ఆ రోజు ఆన్‌కాల్ తేజేశ్వర్, ప్రాబ్లం వస్తే చూడాల్సింది వాడే. వాడు ఏదో టచ్ చేశాడు."

"ఆంటీ అంటే ప్రశ్నలు తగ్గవు నాయనా. ఏం టచ్ చేశాడు?"

"దట్ ఐ డోంట్ నో. ఈ గురువారం హెచ్‌ఆర్ మీటింగ్ ఉంది. హీ ఈజ్ డన్."

తేజేశ్వర్ చిన్న గదిలో ఒంటరిగా ఉన్నాడు. బ్యాడ్జి అప్పుడే తీసేసుకున్నారు. చెయ్యి మాత్రం అలవాటుగా నడుం దగ్గర దానికోసం వెతుకుతోంది.

"నేనేం ముట్టుకోలేదండీ. ఇక్కడి పక్కూరు డబ్లిన్‌లో పాపని డేకేర్ నుంచి తెస్తున్నా. మొదటి సర్వర్ డౌన్ అని మెసేజ్ వచ్చింది. నిమిషంలో ఇంకోటి, దాని మీది వర్చువల్ మెషీన్ రెండో సర్వర్ మీద లేచిందని. లేచింది కదా అని ఫోన్ జేబులో పెట్టుకున్నా."

"వర్చువల్ మెషీన్ అంటే?"

"కంప్యూటర్ లోపల నడిచే కంప్యూటరండీ. ఆర్నెల్ల రికార్డింగులూ ఒకే డిస్క్ మీద రాసుకునేది అదే, ఆ డిస్క్ రెండు సర్వర్లకీ ఉమ్మడి. మోస్తున్న సర్వర్ పోతే పక్కదాని మీద తనే లేస్తుంది."

"బ్యాకప్?"

"గురువారం రాత్రి అది చెడిపోయిన డిస్క్‌నే కాపీ చేసుకుంది, పాత కాపీ మీదే. ఒక్క కాపీ ఉంచడమే డీఫాల్ట్, ఎవరూ మార్చకపోతే అదే నడుస్తుంది." అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఉద్యోగం పోతే వీసా పోతుందండీ. అదలా ఉంచండి. ఆయన గొంతు నా చేతుల్లో పోయిందంటున్నారు."

"మొదటి సర్వర్ పోయిందని ఎవరు చెప్పారు?"

"రెండోది."

"ఎవరైనా వెళ్లి చూశారా?"

తేజేశ్వర్ తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు చూడు. అది ఎప్పటినుంచి నడుస్తోందో."

లాప్‌టాప్ కంపెనీవాళ్లే తెప్పించారు. తెరమీద ఒక్క లైను. మొదటి సర్వర్ ఫిబ్రవరి నుంచి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

బుధవారం మూడింటికి ఉమామహేశ్వరి మానవ్‌నీ తేజేశ్వర్‌నీ శాన్ రామన్ ఇంటికి పిలిపించింది. భాస్కర్ ఎదుటే చెప్పాలంది. ఇద్దరూ గోడ పక్కన నిలబడ్డారు.

"రికార్డింగ్ ఆగలేదని ఉషా అంది. సర్వర్ పోయిందని మెసేజ్ అంది. మీరు మెసేజ్‌నే నమ్మారు."

"ఒకే మెషీన్ డెడ్, ఎలైవ్ రెండూ ఎలా, ఆంటీ?"

"చస్తేగా! రెండు సర్వర్ల మధ్య ఒక్క లైను తెగింది. పలకరింపు అందకపోయేసరికి పక్కది పోయిందనుకుంది రెండోది. పిలిస్తే పలకలేదని పాడె కట్టేసింది. తన దగ్గర అదే వర్చువల్ మెషీన్‌ని మళ్లీ లేపింది. మొదటిదేమో నిక్షేపంగా భాస్కర్ మాట రాసుకుంటూనే ఉంది. ఒకే డిస్క్ మీద ఇద్దరూ రాశారు. ఒకే పలక మీద ఇద్దరు పిల్లలు కలబడి రాస్తే ఏముంటుంది? గీతలు."

ఆమె మానవ్ వైపు తిరిగింది.

"ఇది జరక్కుండా మీ సాఫ్ట్‌వేర్‌లోనే కట్టడి ఉంది. మొదటిదాని కరెంటు తీసి, నిజంగా ఆగిందని రూఢి అయ్యాకే రెండోది లేవాలి. సెట్టింగుల్లో ఆ టిక్ తీసేసి ఉంది. ఎవరు తీశారు?"

"అది డీఫాల్ట్," అన్నాడు మానవ్.

"డీఫాల్టు చెట్టుకు కాయదు నాయనా. ఎవరో ఒకరు ఎంచి పెడతారు."

మానవ్ కార్పెట్ వైపు చూశాడు.

"నేనే. డెమో కోసం. కస్టమర్స్ ముందు కేబుల్ పీకుతాం. టిక్ ఉంటే నాలుగు నిమిషాలు వెయిట్ చేయాలి. వాళ్లు ఫోన్లు చూసుకుంటారు. తీసేస్తే నిమిషంలో లేస్తుంది, అందరూ క్లాప్ చేస్తారు. ఆ డెమో సెట్టింగ్స్‌నే అన్ని చోట్లా కాపీ చేశాం. ఎవరూ మళ్లీ చూడలేదు."

"ఎవరూ?"

"నేను చూడలేదు, ఆంటీ. రేపు మీటింగ్‌కి నేను వెళ్తా. తేజేశ్వర్ కాదు. టిక్ ఈరోజే అన్ని చోట్లా పెట్టిస్తా."

ఉషా ముందుకు వచ్చింది. "తేలింది కదక్కా. ఇక ఆయన గొంతు తిరిగొస్తుందా?"

ఉమామహేశ్వరి ఎన్నో ఇళ్లలో ఈ మాట చెప్పింది. ఇప్పటికీ అలవాటు కాలేదు.

"రాదమ్మా."

"ఒక్క వాక్యం?"

"రెండు రాతలూ కలిసిపోయాయి. విడదీయలేరు."

అప్పుడు భాస్కర్ కళ్లు ఎదురుగా ఉన్న స్క్రీన్ మీదికి వెళ్లాయి. ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ కదిలాయి. అందరూ కాచుకున్నారు. యంత్రంతోపాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గొంతు, ఎవరో తెలియని మగవాడిది, ఆ గదిలో మొదటిసారి పలికింది.

"ఉషా. నిలబడ్డ ఆ పిల్లలిద్దర్నీ కూర్చోమను. కాఫీ పెట్టు."

ఉషా కదల్లేదు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తేజేశ్వర్ గోడకు చేరగిలబడి ఏడ్చాడు.

కాసేపటికి ఆమె భర్త కుర్చీ దగ్గరికి వెళ్లి వంగింది.

"చక్కెర ఎంత వెయ్యనండీ వాళ్లకి?"

అడిగి, ఆ పరాయి గొంతు జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడింది.