దొరసాని మిగిల్చిన పాలు

ఆ పొద్దున కూడా ఇంటి కుక్క దొరసాని గిన్నెలో పాలు సగం తాగి ఆపేసింది. మూతి నాక్కుని, రెండడుగులు వెనక్కి వేసి, తలెత్తి పైకప్పు వైపు చూసింది. తెలిసినవాళ్ళెవరో కనిపించినట్టు తోక ఊపింది. పైన పాత మంచాలు, పెట్టెలు పడేసిన గది తప్ప ఏమీ లేదు. కోడలికి ఒళ్ళు జలదరించింది.

"చూశారా అత్తయ్యా, మళ్ళీ!"

"నువ్వు అటు చూడకమ్మా. కడుపుతో ఉన్నదానివి. మెట్ల వైపు కూడా పోకు," అంటూ అత్తగారు ఆ గిన్నె కొంగు చాటున పట్టుకుని, ఆరేసిన బట్టలు తెస్తానని పైకి వెళ్ళింది. ఆ బట్టలు ఆరేసి ఎంతోసేపు కాలేదు. ఇంకా నీళ్ళు కారుతూనే ఉంటాయి. ఆవిడ కిందికి తెచ్చిన ఖాళీ గిన్నెను దొరసాని రోజూలాగే మళ్ళీ నాకింది.

మామగారిని వీధిలో అందరూ కుక్కల మాస్టారంటారు. జాతికుక్కల పెంపకంలో తల నెరిసిన మనిషి. 'మచ్చలేని వంశం' అన్నది ఆయన ఊతపదం. అలాంటిది, దొరసాని కిందటి ఈతలో ఒక పిల్ల గోడలకు గుద్దుకుంటూ తిరిగింది. దానికి చూపు లేదని డాక్టరు తేల్చగానే మామగారు ముఖం గంటు పెట్టుకున్నారు. "లోపమున్నది నా ఇంట్లో ఉండదు. రేపొచ్చి ఇంజెక్షన్ ఇచ్చెయ్యండి," అన్నారు. ఆ అవసరం రాలేదు. తెల్లారేసరికి అది పోయిందంటూ అత్తగారు తువ్వాలులో చుట్టిన మూట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన విప్పి చూడకుండానే పెరటి గోడ వారన పాతేశారు.

ఆనాటి మాట కోడలి గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. ఆమె తమ్ముడికి పుట్టుచెవుడు. కడుపులో బిడ్డకు కూడా పరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ చెప్పి చాలా రోజులైనా, చివరికి మొగుడితో కూడా చెప్పలేదు. ఏదైనా తేలితే? లోపమున్నది ఈ ఇంట్లో ఉండదు కదా!

దానికి తోడు ఇంకో భయం. కన్నతల్లి అయ్యుండీ దొరసాని ఆ గోడ వారకు ఒక్కసారి కూడా పోలేదు. మట్టి వాసన చూడలేదు, కాలితో గీరలేదు. ఎప్పుడూ పైకే చూస్తుంది, చచ్చిన పిల్ల అక్కడే తిరుగుతున్నట్టు.

దొరసానికి మళ్ళీ జత కట్టిద్దామని మామగారు అన్నప్పుడు కోడలే పట్టుబట్టింది. "ముందు ల్యాబులో పరీక్ష చేయిద్దాం మామయ్యా. పైకి ఆరోగ్యంగా ఉన్నా లోపం రక్తంలో దాగి ఉండొచ్చు. మళ్ళీ గుడ్డిపిల్లలు పుడితే?" అంది. ఆయన సణుక్కుంటూనే దూదిపుల్లతో దాని బుగ్గ లోపల రాసి ఇచ్చారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ల్యాబు నుంచి ఫోనొచ్చింది. కోడలు స్పీకరు పెట్టింది.

"మీ శాంపిల్ పనికిరాలేదండీ," అంది ల్యాబు అమ్మాయి. "అందులో రెండు కుక్కల కణాలున్నాయి. ఒకే గిన్నెలో తాగితే ఒక్కోసారి అలా కలుస్తాయి. దాని పిల్ల ఏదైనా మీ దగ్గరుందా?"

"లేదండీ. అన్నీ ఎప్పుడో వెళ్ళిపోయాయి. ఒకటి... చచ్చిపోయింది."

"అలాగా? రెండోది దీని కన్నపిల్లలాగే కనిపిస్తోందే. ఈసారి విడిగా ఉంచి తీసి పంపండి."

కోడలు ఫోను పెట్టేసింది. అప్పుడు వినిపించింది, పైన చెక్క మీద గోళ్ళతో గీరుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ గీరింది. బల్ల కింద దొరసాని తోక నేలకేసి టపటపా కొట్టింది.

కోడలు పైకప్పు వైపు చూసింది. "అత్తయ్యా... ఆ మూటలో ఏముంది?"

అత్తగారు గరిటె గిన్నెలో పెట్టేసింది. "పాత దిండు," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తింది. "ఏం చెయ్యమంటారు? చూపు లేకపోతే ఆకలి ఉండదా? అమ్మ అక్కర్లేదా? మీ వంశానికి మచ్చయితే నేను కొంగున దాచుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ నోరులేనిదానికి తెలిసింది, మీకే తెలియలేదు!"

ఇక ఇల్లు ఎగిరిపోతుందనుకుంది కోడలు. మామగారు చెయ్యి కడుక్కుని లేచారు. మోకాళ్ళ నొప్పులంటూ ఇన్నాళ్ళూ మెట్ల వైపు పోని మనిషి, ఒక్కో మెట్టూ ఎక్కసాగారు. ఆయన ఏం చేస్తారోనన్న భయంతో ఇద్దరూ వెనకాలే వెళ్ళారు.

తలుపు అవతల ఏదో ముక్కు ఎగబీలుస్తోంది. ఆయన గడియ తీశారు. చీకట్లోంచి పాలరంగు కళ్ళు రెండు ముందుకొచ్చాయి. అవి ఎవరినీ చూడటం లేదు. పిల్ల గడపకు గుద్దుకుంది, తడబడింది, ఆయన పాదం వాసన చూసింది. తర్వాత ఆ పాదం మీదే తల వాల్చి పడుకుంది.

"పెరిగిందే," అన్నారాయన. గొంతు ఆయనది కాదన్నట్టుంది. "ఎన్ని పిల్లల్ని ఎత్తిన చేతులే ఇవి! మూట పట్టుకుంటే దిండో పిల్లో తెలియదనుకున్నావా?"

అత్తగారు నిర్ఘాంతపోయింది. "తెలిసే పాతారా?"

"విప్పితే డాక్టర్ని పిలవాలి. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. అందుకే విప్పలేదు. పైకీ రాలేదు." ఆయన గడప మీద కూలబడి ఏడ్చారు.

కోడలికి దుఃఖం ఆగలేదు. తమ్ముడి సంగతి, డాక్టరమ్మ చెప్పిన పరీక్ష, ఇన్నాళ్ళ భయం, అన్నీ బయటపెట్టేసింది. మామగారు తెల్లబోయి ఆమె ముఖంలోకి చూశారు.

"నేనన్న ఆ మాట విని, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎలా నిద్రపోయావు తల్లీ?"

ఆమె అత్తగారి భుజం మీద తల పెట్టుకుంది.

"పరీక్ష చేయించుకుందాం," అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. "తెలిస్తే ముందే ఇల్లు సర్దుకోవచ్చు, అంతే. దొరసానికి ఇక జత వద్దు. ల్యాబుకి మాత్రం మళ్ళీ శాంపిల్ పంపుదాం, ఈసారి రెండింటివీ విడివిడిగా. దీని అన్నదమ్ములు వెళ్ళిన ఇళ్ళవాళ్ళకి ఈ లోపం సంగతి నేనే చెప్పాలి."

పిల్లను చంకనేసుకుని ఆయనే కిందికి దించారు. దారికి అడ్డమున్న స్టూలు పక్కకు జరిపారు. సాయంత్రం అత్తగారు రెండు గిన్నెల్లో పాలు పోసి దూరదూరంగా పెట్టింది.

దొరసాని తన గిన్నె అడుగంటా నాకేసింది. పైకప్పు వైపు చూడలేదు.