నేల క్లాసు తలుపు

శవం నేల క్లాసులో పడి ఉంది. తల పగిలింది. కుడిచేతి వేళ్ళ మధ్య చాక్‌పీసు ముక్క.

టైము పన్నెండు పది. బయట కమలాపురం మే ఎండకు మాడిపోతోంది. నాగేంద్ర టాకీస్ లోపల చీకటి. చీకటికి తోడు కంపు. పావురాల రెట్ట, గబ్బిలాల రెట్ట, హాలు మూతపడిన ఈ పన్నెండేళ్ళుగా గోడ దూకి వచ్చినవాళ్ళు పోసిన ఉచ్చ. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విశ్వాసమ్మ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తీసేసింది. అత్తరు చల్లిన హాళ్ళలో ఇంతకంటే కంపు మనుషులను ఆమె చూసింది.

"పేరు గోపీనాథ్, మేడం," కానిస్టేబుల్ తిమ్మన్న చెప్పాడు. "కడపలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు. పాత టాకీసుల మీద పుస్తకం రాస్తాండాడంట. గోడలు కొలిచేది, ఫోటోలు తీసేది. రేపు శంకుస్థాపన కాంగానే ఈ హాలు పడగొడతారు గదా, ఈ పొద్దే ఆఖరని వచ్చినాడు."

"ఫోను?"

"యాడా లేదు మేడం."

విశ్వాసమ్మ తల ఎత్తింది. శవానికి నేరుగా పైన, పక్క గోడకు ఒక బాక్సు. ఓనరు కుటుంబం కూర్చుని సినిమా చూడడానికి కట్టుకున్నది. కింద నేల మీద కూలీనాలీ జనం. పైన కుషన్ కుర్చీల్లో వీళ్ళు. వక్క నమిలి ఉమ్మితే కిందివాళ్ళ నెత్తిన పడేది. పడేదే కాదు, కావాలని ఉమ్మేవాళ్ళు కూడా. చిన్నప్పుడు వేంపల్లె టాకీసులో ఆ ఉమ్మి విశ్వాసమ్మ జడలో పడింది. వాళ్ళమ్మ కొంగుతో తుడిచి, "పైకి చూడొద్దు పాపా" అంది.

బాక్సు కిందే నేల క్లాసు తలుపు. లోపలి గడియ తీసి ఉంది. రెండు వేళ్ళ సందు. ఆ సందులోంచి వెలుతురు బండల మీద చారలా పడుతోంది. ద్వారబంధం లోపలి అంచున చాక్‌పీసుతో గీసిన నాలుగు సున్నాలు.

ఫోన్ మోగింది. డీఎస్పీ.

"విశ్వాసమ్మా, దీంట్లో ఏముంది? వాచ్‌మన్ కాశన్న పాత జైలు పక్షే కదా. మూడు గంటలకు అరెస్టు చూపించు. రేపు కొత్త కాంప్లెక్సుకు శంకుస్థాపన పెట్టుకున్నారు."

"శవం ఇంకా ఈడే ఉండాది సార్," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ముందు వరండాలో ముగ్గురు ఉన్నారు. ఓనరు జ్ఞానేశ్వర్, యాభై నాలుగేళ్ళు, తెల్ల బట్టలు, కుర్చీలో. కాంట్రాక్టరు వాసుదేవ్ నిలబడి. కాశన్న గోడ వారగా గొంతుక్కూర్చుని. అరవై ఎనిమిదేళ్ళు. కాళ్ళకు చెప్పులు లేవు.

మొదట వాసుదేవ్.

"యాడ ఉండావప్పా?"

"ముందు గేటు కాడ మేడం. పదకొండు నలభైకి ధబ్‌మని సప్పుడాయ. ఉరికినా. నేను పోయేసరికే ఓనరు సారు శవం కాడ ఉండె."

"నీకంటే ముందే?"

"ముందే."

"పొద్దున్నుంచీ గేటు కాడే ఉండావా?"

"తొమ్మిదిన్నరకు బేతంచెర్ల నుంచి బండల లారీ వచ్చింది. పక్క సందులో దింపిచ్చినా. ఆమీట గేటు కాడే."

ఆ బండల వల్లే జీపుకు చోటు లేక విశ్వాసమ్మ రోడ్డు మీద దిగి నడిచి వచ్చింది.

జ్ఞానేశ్వర్ కుర్చీలోంచి లేవలేదు.

"ఎన్ని గంటలకు వచ్చినారు?"

"పదికి. ముందు గేటు నుంచే. సప్పుడు అయినప్పుడు పక్క సందులో ఉన్నా. సెల్లు మాట్లాడుకుంటా. నేల క్లాసు తలుపు తోసుకుని లోపలికి పోయినా. పైకి చూస్తే బాక్సులో కాశన్న. వాడే తోసినాడు మేడం. ఆ సినిమా మిషను పాత ఇనుముకు పోతాదని వాడికి కడుపు మంట. లెక్చరరుతో పొద్దున్నే కొట్లాడినాడు."

"తలుపు తోసుకుని?"

"తోసుకుని. మనుషులను చంపడం వాడికి కొత్తా? పదకొండు మందిని కాల్చిన నా కొడుకు. అయినా మా నాయన దయతలచి వాచ్‌మన్‌గా పెట్టుకున్నాడు."

వెనక గోడకు ఆ నాయన ఫోటో. రామలింగయ్య. మల్లెపూల దండ. కట్టబోయే కాంప్లెక్సుకు ఆయన పేరే. ముందర ఆయన విగ్రహం.

విశ్వాసమ్మ కాశన్న ఎదురుగా నేల మీదే కూర్చుంది. ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"వొద్దమ్మా, యూనిఫారం మాస్తాది."

"మాసిందేలే శానా రోజుల కిందట. యాడ ఉండావు పెద్దాయనా?"

"క్యాబిన్‌లో. మిషనుకు నూనె పెడతాండా. రేపు పోయేదే అయినా తుప్పుతో పంపీకూడదు గదా. సప్పుడు ఇని కంతలోంచి చూసినా. కంతలోంచి తెర కనపడతాది గానీ బాక్సు కనపడదు."

"కొట్లాడినావంట?"

"కొట్లాట యాడిది? ఆయప్ప నన్ను పట్టుకుని ఏడ్చినాడు. 'కాశన్నా, నువ్వు చెప్పింది నిజమే' అన్నాడు. ఓనరుకు ఒక మాట చెప్పి పుస్తకంలో రాస్తానన్నాడు. చెప్పకుండా రాస్తే మర్యాద గాదంట."

"నువ్వేం చెప్పినావు?"

కాశన్న చేతి నూనె పంచెకు తుడుచుకున్నాడు.

"చెప్పప్పా."

"నలభై ఏండ్లు చెప్పినా. కోర్టులో చెప్పినా. నవ్విరి. ఇంగ చెప్పను."

విశ్వాసమ్మ తిమ్మన్నను స్టేషనుకు పంపి, తను మెట్లెక్కి బాక్సు చూసి వచ్చింది. అటకమీది పాత ఫైలు వచ్చేసరికి ఒంటిగంట నలభై. 1984. క్యాబిన్‌లో రీలు అంటుకుంది. పొగ హాలంతా కమ్మింది. పైక్లాసు వాళ్ళు బయటపడ్డారు. నేల క్లాసులో పదకొండు మంది తమ తలుపు దగ్గరే, ఒకరి మీద ఒకరు, ఊపిరాడక పోయారు. ఆపరేటరు కాశన్న అజాగ్రత్త. నాలుగేళ్ళు జైలు. మూడో రోజు తీసుకున్న పంచనామాలో ఒక వాక్యం: 'తలుపులన్నియు నిబంధన ప్రకారము వెలుపలికి తెరుచుకొనుచున్నవి. మృతులు భయముతో ఒకరినొకరు తొక్కుకొనిరి.'

కింద పోలీసు సంతకం. తన స్టేషనుదే. విశ్వాసమ్మ ఫైలు మూసింది. బయటికి పోయి ఉమ్మి వచ్చింది.

రెండు ఇరవైకి ముగ్గురినీ పక్క సందులోకి నడిపించింది.

"జ్ఞానేశ్వర్ గారూ, మీరు లోపలికి పోయిన తలుపు చూపించండి."

ఆయన నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు.

తలుపుకు అడ్డంగా బేతంచెర్ల బండలు. నడుము ఎత్తు. వరసగా పేర్చినవి.

"తోయండి."

ఆయన ఒక బండ మీద చెయ్యి వేసి తీసేశాడు.

"తొమ్మిదిన్నరకు దించిన బండలు. వాసుదేవ్, నడమ ఎవరన్నా కదిపినారా?"

"ఒకటి కదపాలంటే ఇద్దరు కావాల మేడం."

"బండలు లేకున్నా తోయలేరు. ఇది బయటికి తెరుచుకునే తలుపు. బయటినుంచి వచ్చేవాడు లాగాల. పొద్దున గోపీనాథ్ గడియ తీసి లోపలినుంచి నూకినాడు. రెండు వేళ్ళు జరిగి బండలకు తగులుకుంది. ఆ రెండు వేళ్ళ సందులో పిల్లి కూడా దూరదు. మీరెట్ల దూరినారు?"

"కంగారులో... ఏదో..."

"కంగారు గాదు, అలవాటు. పద్నాలుగేళ్ళప్పుడు సినిమాకు ఈ తలుపే తోసుకుని వచ్చేవాళ్ళు మీరు. అప్పుడు ఇది లోపలికి తెరుచుకునేది."

కాశన్న బండల మీదుగా వంగి తలుపు చూశాడు.

విశ్వాసమ్మ అందరినీ లోపలికి తీసుకుపోయి ద్వారబంధం మీద టార్చి వేసింది. నాలుగు సున్నాలు. ఒక్కో దాంట్లో లప్పం పూసి రంగేసిన స్క్రూ కన్నాలు.

"పాత మడతబందులు ఈడ ఉండె. లోపలి అంచున. జనమంతా మీద పడి నూకితే లోపలికి తెరుచుకునే తలుపు ఎట్ల తెరుచుకుంటాది? పదకొండు శవాలు తీసినాక రెండు దినాల్లో మీ నాయన తలుపు తిప్పి బిగించినాడు. మూడో దినం మావోడు వచ్చి రాసుకుని పాయ. కన్నాలు పూడ్చినాడు గానీ దారబందం మార్చలే. కొత్త కట్టెకు చెయ్యి రాలేదేమో మహానుభావుడికి. ఇది కనిపెట్టి గోపీనాథ్ మర్యాదగా మీకు చెప్పేదానికి బాక్సుకు వచ్చినాడు. మీరు తోసేసినారు. మెట్లు దిగి వరండాలోంచి హాల్లోకి పోయినారు. వాసుదేవ్ చూసినాడు కాబట్టి ఈ తలుపు కథ. తిమ్మన్నా, సారు చెప్పులు తిప్పు."

అడుగున గాడుల్లో ఎండిన పావురాల రెట్ట.

"బాక్సులో చీలమండల దాకా ఉండాది ఇది. కింద హాల్లో ఉండేది గబ్బిలాలదే. కాశన్న ఒట్టి కాళ్ళు చూడు. ఒట్టి నూనె మరకలు. ఫోను యాడ పడేస్తిరి?"

జ్ఞానేశ్వర్ కళ్ళు మరుగుదొడ్డి వైపు తిరిగాయి. తిమ్మన్న పోయి, ముక్కు మూసుకుని తొట్టిలో చెయ్యి పెట్టి ఫోను తీశాడు.

"రేపు విగ్రహం మేడం," జ్ఞానేశ్వర్ అన్నాడు. "ఆ లెక్చరరు హాలు పడగొట్టకుండా కోర్టు స్టే తెస్తానన్నాడు. మా నాయన పేరు..."

"మీ నాయన పేరు ఈ కన్నాల్లో ఉండాది. విగ్రహం దండగ."

మూడు గంటలకు డీఎస్పీ మళ్ళీ ఫోన్ చేశాడు. "అరెస్టు అయిందా?"

"అయింది సార్. ఇంకొకటి సీజ్ చేస్తాండా. తలుపు. దారబందంతో సహా."

కూలీలు బండలు తీశారు. తలుపు బయటికి, గోడ దాకా తెరుచుకుంది. ఎండ హాల్లోకి దూకి తెర దాకా పాకింది. కాశన్న బయటికి రాలేదు. ఒక్కో సున్నాలో వేలు పెట్టి చూశాడు. నాలుగూ చూశాడు.

"బయటికి రా పెద్దాయనా. పని అయిపోయింది."

"పొండమ్మా," అన్నాడు కాశన్న. "ఈ తలుపులోంచి పోవాల్సినోళ్ళు ముందు పోనీ."

ఆయన పదకొండు లెక్కపెట్టేదాకా విశ్వాసమ్మ బయట ఎండలో నిలబడింది.