అలారం ఎందుకు మోగలేదు

ఆ ఇంట్లో తెల్లవారడమంటే వెతుకులాటే.

"నా కళ్ళజోడేదీ?"

"నెత్తిమీదుంది చూసుకోండి."

"చెప్పు ఒకటే ఉందేంటి?"

"రెండోది కాలికి తగిలించుకునే వెతుకుతున్నారు" అంది భార్య.

ఐదేళ్ళ కూతురు పకపకా నవ్వింది. పొద్దున లేచింది మొదలు కువకువలాడుతూనే ఉంటుందని దాన్ని అందరూ గువ్వ అంటారు. దాని తండ్రికి కుట్టుమిషన్లు బాగుచేసే పని. మిషన్ లోపల వెంట్రుకవాసి తేడా ఉన్నా చెవితోనే పట్టేస్తాడు గానీ, పొయ్యిమీద తనే పెట్టిన పాలు పొంగిపోతుంటే చూడడు.

నాస్తా కాగానే ఆమె మాత్ర, నీళ్ళు భర్త చేతికిచ్చి మింగేదాకా నిలబడింది. మూల కుర్చీలోంచి అత్తగారు అందుకుంది. "ఆ మందు మాన్పించడానికి ఈ మందు! బాగుంది వైద్యం."

మొదటిసారి అతన్ని తాగుడు మాన్పించే కేంద్రంలో మూడు నెలలుంచారు. వచ్చిన నెలకే మళ్ళీ మొదలైంది. రెండోసారి వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే, ఆవిడ తాగుడు సంగతి పక్కనపెట్టి చిన్నప్పటి సంగతులు అడిగింది. చివరికి ఏడీహెచ్‌డీ అంది. ధ్యాస నిలవదట, మనసు ఒకచోట కుదురుకోదట. ఆ అల్లరి అణుచుకోవడానికే అతను సీసా పట్టాడనీ, రెండింటికీ కలిపి వైద్యం చేయాలనీ చెప్పింది. తొమ్మిదో తరగతితో బడి మానేసిన ఆమె ఆ అక్షరాలు మళ్ళీ అడిగి అరచేతిలో రాసుకుంది. అప్పటినుంచి తాగకుండా గడిచిన ప్రతి సాయంత్రం అతను బీరువా తలుపు లోపల పెన్సిలుతో ఒక గీత గీస్తాడు. నిన్నటికి రెండొందల పద్నాలుగు.

"ఈరోజు కాజాలు కుట్టిన చొక్కాలు ఫ్యాక్టరీకి ఇచ్చి రావాలి. గువ్వని బడినుంచి పన్నెండున్నరకి మీరే తేవాలి" అంటూ ఆమె గుప్పెడంత అలారం గడియారానికి కీ ఇచ్చి అతని సంచిలో పెట్టింది. ఫోన్లో అలారం పెడితే లాభంలేదు, ఆ ఫోనే ఎక్కడో మరిచిపోతాడు. "పన్నెండుంబావుకి మోగుతుంది. మోగగానే..."

"లేచి పరిగెత్తాలి. నాలుగు నెలలనించీ మోగుతోందిగా, ఎప్పుడైనా తప్పానా?"

ఒకటిన్నరకి ఆమె తిరిగొచ్చేసరికి గుమ్మంలో బావగారి బూట్లున్నాయి. ఆయన ఒక ఆఫీసులో హెడ్ గుమాస్తా. పనిదినం మధ్యలో వచ్చాడంటే మంచివార్త కాదు. గువ్వ నాయనమ్మ ఒళ్ళో ముడుచుకుని బిస్కట్ కొరుకుతోంది. బుగ్గలమీద కన్నీటి చారలు ఇంకా ఆరలేదు.

"రామ్మా. నీ మొగుడు పిల్లని గాలికొదిలేశాడు. గేటు దగ్గర ఒక్కత్తే కూర్చుని ఏడుస్తుంటే బడివాళ్ళు నాకు ఫోన్ చేశారు. పాత నంబరు నాదేగా వాళ్ళ దగ్గర."

ఆమె పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. "ఆయనేరీ?"

"ఎక్కడుంటాడు? వాడి షాపు తాళం వేసుంది. ఫోనెత్తడు. మళ్ళీ మొదలుపెట్టాడు, ఇంకా అర్థం కాలేదా?" ఆయన బల్లమీద ఒక కాగితం పరిచాడు. "పాత కేంద్రానికి మాట్లాడాను. ఈసారి ఏడాది. సాయంత్రం మనుషులొచ్చి తీసుకెళ్తారు. భార్యగా నువ్వు సంతకం పెడితే చాలు."

"అక్కడ ఈ మాత్రలు ఇస్తారా?"

"మాత్రలూ లేవు, మంత్రాలూ లేవు. గదిలో పెట్టి తాళమేస్తే అన్నీ కుదురుతాయి."

తాగాడేమో అన్న భయం ఆమెకీ లేకపోలేదు. పామును తొక్కినవాడికి తాడైనా పామే. అయినా కలం పక్కకి తోసేసింది.

"పెట్టను బావగారూ."

"చదువుకోనిదానివి, నీకేం తెలుసని..."

"తొమ్మిదే చదివాను. కానీ ఆరేళ్ళనించీ ఈయన్నే చదువుతున్నాను. తాగొచ్చిన రోజు ఈయనంత బుద్ధిమంతుడు ఇంకోడుండడు. తల దువ్వుకుని, నోట్లో లవంగం వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి పడుకుంటారు. మరిచిపోయిన రోజైతే ఇల్లెగిరిపోయేలా వస్తారు. రానీండి. చూశాక మాట్లాడండి."

"కందకి లేని దురద కత్తిపీటకి అంటే ఇదే" అని గొణిగింది అత్తగారు. "కన్నదాన్ని నేను, నాకు తెలీదా?"

అప్పుడే వీధి తలుపు గోడకి కొట్టుకుంది. అతను చెమటతో తడిసి ముద్దై, జుట్టంతా రేగి, ఒంటి చెప్పుతో లోపలికి పడ్డాడు.

"గువ్వ బడిలో లేదు! వీధులన్నీ తిరిగాను, ఎక్కడా..." పిల్ల కనబడింది. అంతే, అక్కడే కూలబడి మొహం కప్పుకున్నాడు.

బావగారు మీదికి వెళ్ళి గడ్డం పట్టుకున్నాడు. "ఊదరా! ఊదు ముందు!"

"వదలండి!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఇద్దరి మధ్యా వెళ్ళి నిలబడింది. "ఈ గడపలో ఆయన్ని ఇంకెవరూ ఊదమనడానికి వీల్లేదు."

అతను జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. చిన్నచిన్న పళ్ళచక్రాలు, ఒక స్ప్రింగు, రెండు ముళ్ళు.

"గంట కాస్త బొంగురుగా మోగుతోందని... కుట్టుషాపులో మిషన్ పని తొందరగా అయిపోయింది, ఇంకా గంట టైముంది కదా, నూనె వేద్దామని విప్పాను. చూస్తే లోపల చక్రం పన్ను అరిగింది, దాన్ని ఆకురాయితో రాస్తూ..."

"మోగాల్సిన అలారాన్నే విప్పేశారా?" ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపమే ముందొచ్చింది. "పిల్లకేమైనా అయితే ఏం చేసేవారు? తప్పు చేశారు మీరు. పెద్ద తప్పు. కానీ తాగలేదు. బావగారూ, రెండూ ఒకటి కాదు. దీనికి మందు తాళం కాదు, ఇంకో మనిషి తోడు."

"వాసన చూడకుండానే ఎలా చెప్తున్నావ్?"

అతను తల ఎత్తకుండానే అన్నాడు. "రోజూ చూస్తుందన్నయ్యా. నేను స్నానానికి వెళ్ళగానే నా చొక్కా వాసన చూస్తుంది. వెతుక్కునే పని లేకుండా కుర్చీ మీదే పెట్టి వెళ్తాను. అన్నీ మరిచిపోతాను గానీ, అదొక్కటి మరిచిపోను."

రెండొందల పద్నాలుగు సాయంత్రాలు ఆమె దొంగచాటు అనుకున్నది అతనికి తెలుసు. ఒక్క మాట అనకుండా, చొక్కా చేతికందేలా పెడుతూ వచ్చాడు. ఆమె కళ్ళు ధారలు కట్టాయి.

అత్తగారు ఎప్పుడు లేచిందో, రుమాల్లోని చక్రాలని వేలితో కదుపుతోంది. "ఏడేళ్ళప్పుడు గోడ గడియారం విప్పాడు వీడు. రోజంతా గదిలో పెట్టి బయట గొళ్ళెం వేశాను. లోపల్నించి 'బిగించేస్తానమ్మా, బిగించేస్తా' అని ఏడ్చాడు. వినలేదు." పెద్దకొడుకు వైపు తిరిగింది. "అప్పుడూ గొళ్ళెమే, ఇప్పుడూ గొళ్ళెమేనా? తీసెయ్ ఆ కాగితం."

"అమ్మా, రేపు నిజంగానే తాగితే?"

"తాగితే డాక్టరమ్మ దగ్గరికి నేనే చెవిపట్టుకుని లాక్కెళ్తా. ఇంక పిల్లని తేవాల్సిన రోజు పన్నెండింటికి వాడి షాపుకెళ్ళి వాడి నెత్తిమీద నేను మోగుతా. నా గొంతు ఏ అలారానికి తీసిపోయింది?"

గువ్వ నవ్వింది. బావగారు మూతి బిగించి కాగితం మడిచాడు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ ఆగి, "బడిలో మీ ఇద్దరి నంబర్లూ రాయించండి. నాదీ ఉంచండి" అన్నాడు. అంతకుమించి ఆయన నోట రాదు.

సాయంత్రం అతను స్నానం చేసి వచ్చేసరికి కుర్చీ మీది చొక్కా లేదు. ఆమె దాన్ని తిన్నగా సబ్బునీళ్ళలో పడేసి రుద్దుతోంది.

"ఇవాళ చూడలేదే?"

"రేపు భయమేస్తే మీ మొహం చూసే అడుగుతాను. చొక్కాని అడగను."

అతను బీరువా తెరిచి పెన్సిలు పట్టుకుని తటపటాయించాడు. "ఇవాళ పిల్లని మరిచిపోయాను. గీత గీయనా?"

"గీయండి" అంది ఆమె, నురగ చేతులతోనే వచ్చి పక్కన నిలబడి. "గట్టిగా గీయండి. మీ అన్నయ్యకి కూడా కనబడాలి."